మా డబ్బా జీపెక్కిన వైనం

సెల్‌ఫోన్లోకి పాటలు ఎక్కించుకోవడానికి జనం షాపులకు వెళ్ళే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఆ కాలంలో నాకు ఇరవయ్యేళ్ళు. జగ్గయ్యపేటలో ఒక టైపింగ్ సెంటరు, అందులో ఒకే ఒక్క కంప్యూటరు, లోకంలోని కంప్యూటర్లన్నిటికీ లినక్స్ ఎక్కించి తీరాలన్న పట్టుదల, ఇవీ నా ఆస్తులు. (లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, ఇంకొకరికి పంచవచ్చు.) సీడీలు కాపీ చేసి, పైన లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అంటించి, వచ్చినవాడికల్లా ఇచ్చేవాణ్ణి. వాళ్ళు తీసుకెళ్ళి మొక్కజొన్న చేలో పిట్టల్ని బెదరగొట్టడానికి వేలాడదీసేవాళ్ళు. మా నాన్నకు పురుగుమందుల కొట్టు ఉండేది. "నీ షాపు మీద ఒక్క మాటొచ్చినా షట్టరు దించేసి మన కొట్లో కూర్చోవాలి" అన్నది ఆయన షరతు. ఆ మందుల వాసనకే నాకు తల తిరిగేది. అందుకని నా బతుకంతా ఆ కంప్యూటరు డబ్బా మీదే ఉండేది.

టైపు పని ఎక్కువగా మా వీధి ప్లీడరు గారిది. నందిగామ కోర్టు నుంచి సాయంత్రం బస్సు దిగి, నేరుగా నా దగ్గరికొచ్చి పిటిషన్లు చెప్పేవారు. "వారెంటు చూపక, మధ్యవర్తులను పిలువక సోదా చేయుట చట్టవిరుద్ధము" అన్న వాక్యం ఎన్నిసార్లు కొట్టానో! (మధ్యవర్తులంటే సోదాకు సాక్షులుగా నిలబడే ఊరివాళ్ళు.) నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం షాపు ముందు జీపు ఆగింది. (ఏ స్టేషను వాళ్ళో చెప్పను, ఇప్పటికీ నేను ఆ దారినే ఇంటికెళ్ళాలి.) హెడ్డు గారూ, ఒక కానిస్టేబులూ లోపలికొచ్చారు.

"ఏరా, కొత్త సినిమాలు ఎక్కిస్తున్నావంటగా?"

"అమ్మతోడు, లేదండీ!"

తెర మీద పెంగ్విన్‌ని చూసి ఆయన కళ్ళు చిట్లించారు. "ఈ పిట్టేంది?"

"లినక్స్ అండీ. ఊరికే వస్తది."

"ఊరికే ఎవడిస్తాడ్రా? దొంగసొత్తే ఊరికే వచ్చేది. పట్టండి దాన్ని."

అప్పుడు నోట్లోంచి ఊడిపడాల్సిన వాక్యం ఉందే, అది నాలిక చివర దాకా వచ్చి చతికిలబడింది. దానికి బదులు నేనేం చేశానంటే, వైర్లు వాళ్ళకు ఊడదీయడం చేతకాక లాగుతుంటే చూడలేక, బల్ల కిందికి దూరి ఒక్కొక్కటీ నేనే ఊడదీశాను. డబ్బా తుడిచాను. జీపులో గోనెసంచి పరిచి, దాని మీద నేనే పెట్టాను. "గతుకుల్లో కొంచెం పదిలం హెడ్డు గారూ" అని కూడా అన్నాను. సీడీలు మర్చిపోయి వెళ్తుంటే వెనకాల పరిగెత్తి అందించాను కూడా.

సాయంత్రం ప్లీడరు గారు వచ్చారు. "వారెంటు చూపించారా?"

"లేదండీ."

"మధ్యవర్తులు?"

"ఎవరూ లేరండీ."

"మరి నువ్వేం చేశావు?"

"సాయం పట్టానండీ."

"శభాష్! దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది" అని తల పట్టుకున్నారు. "సరే, కొట్టు. వారెంటు చూపక..." నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఆయన మొహం చూశాను. డబ్బా ఏదీ? నాకు ఏడుపొచ్చింది. ఆయనకు నవ్వొచ్చింది.

మర్నాడు ఇద్దరం స్టేషనుకు వెళ్ళాం. వెళ్ళేటప్పటికి వాళ్ళ కంప్యూటరు వైరస్ పట్టి మూలన పడి ఉంది, నా డబ్బా దర్జాగా బల్ల మీద పనిచేస్తోంది! ప్లీడరు గారు గొంతు సవరించుకున్నారు. "వారెంటు లేని సోదా ఒకటి. పైగా పట్టుకొచ్చిన సొత్తు వాడుకుంటున్నారా?"

"వాడటం కాదండీ, పరీక్షిస్తున్నాం" అన్నారు హెడ్డు గారు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అబ్బాయ్, దీంట్లో తెలుగు ఎట్టా కొట్టాలి?" అని అడిగారు.

చివరికి ఒప్పందం కుదిరింది. వాళ్ళ కంప్యూటరుకి నేను పెంగ్విన్‌ని ఎక్కించాలి, నా డబ్బా నాకివ్వాలి. "కోర్టుకెక్కితే నీకు మనవలు పుట్టాక వస్తుంది. ఎక్కించెయ్" అని ప్లీడరు గారు చెవిలో చెప్పారు. దొంగసొత్తన్న సీడీతోనే ఎక్కించాను. అన్ని సీడీలు పంచితే కుదురుగా నిలిచింది ఆ ఒక్కటే.

జీపులో తిరిగొచ్చేసరికి నాన్న షాపు ముందు తాళంకప్ప పట్టుకుని నిలబడి ఉన్నారు. హెడ్డు గారు దిగి, నా డబ్బా తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. నాన్న ఆయన్ని చూశారు, నన్ను చూశారు, తాళంకప్ప జేబులో వేసుకుని మందుల కొట్టుకు వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పోయినేడాది పాస్‌పోర్టు విచారణకని అదే స్టేషనుకు వెళ్ళాను. కంప్యూటరు మారింది గానీ తెర మీద పెంగ్విన్ అలాగే ఉంది. "దీనికి వైరస్ పట్టదండీ. ఎప్పుడో ఎవరో మహానుభావుడు అలవాటు చేసిపోయాడంట" అన్నాడు అక్కడి కుర్ర కానిస్టేబులు. నా ఛాతీ కొంచెం పొంగింది. అంతలో అతను చెయ్యి చాపాడు. "ఏదీ, మీ ఫోను లాక్ తీసి ఇట్టా ఇవ్వండి. ఊరికే చూస్తా."

నా చెయ్యి అప్పటికే జేబులో ఉంది! అది బయటికి రాకముందే, ఇన్నేళ్ళుగా నాలిక చివర చతికిలబడ్డ మాట వణుక్కుంటూ లేచింది.

"వారెంటు ఉందా బాబూ? ఊరికే ఎవరిస్తారు?"

అతను నన్ను ఎగాదిగా చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుర్చీలోంచి రాజాలా లేచాను. గుమ్మం దాకా వచ్చి వెనక్కి చూస్తే కంప్యూటరు తెర మినుకు మినుకుమంటోంది. వెనక వైరు వదులైనట్టుంది. ఏం చెప్పమంటారు? వెనక్కి వెళ్ళి, బల్ల కిందికి దూరి, బిగించి వచ్చాను.