గట్టిగ కట్టు

ఆ ముసలి బాక్సర్ల రెండో పోటీ చూడదగ్గదేనా అని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజు సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో కూర్చుని ఫోన్‌లో ఆ పోటీ ప్రకటన చూస్తున్నాను. ఎప్పుడో ఒకసారి తలపడిన ఆ బాక్సర్లిద్దరికీ ఇప్పుడు యాభై దాటింది. "సింహాలు మళ్లీ బరిలోకి!" అని ఎవడో అరుస్తున్నాడు. రింగులో గంట ఠంగుమంది.

నా పక్కనున్న పెద్దాయన చటుక్కున లేచాడు. వేళ్లు బాగా విడదీసి, రెండు చేతులూ భార్య ముందుకు చాపాడు.

"ఏంది తమ్మీ గది? జెర బంద్ చెయ్యి!" అని ఆమె నా మీద విరుచుకుపడింది.

ఫోన్ ఆపేశాను. ఆయన చేతులు దించలేదు. ఆమె తన చీర కొంగు తీసి, గ్లవ్స్ తొడిగే ముందు బాక్సర్లకు పట్టీ కట్టినట్టే, ఆయన అరచేతికీ బొటనవేలికీ చుట్టసాగింది.

"మా ఆయన జవానీల బాక్సింగ్ ఆడేటోడు. ఒకని చేతుల ఓడిపోయి, మళ్ల వానితోనే ఆడి గెలిచిండు. జనం ఈలలే ఈలలు. తలకాయకు తాకిన దెబ్బలు ఎవరు చూసిండ్రు? గిప్పుడు నా పేరు సుత యాదికి లేదు. గా ముసలోళ్లను మళ్ల కొట్టుకోమంటరా? చూసేటోళ్లకు సిగ్గుండాలె!"

"గట్టిగ కట్టు," అన్నాడాయన.

ఆమె గొంతు మెత్తబడింది. "గట్టిగనే కట్టిన. కూసో."

ఆయన కూర్చున్నాడు.

పోటీ రోజు మిత్రులంతా మా ఇంట్లో టీవీ ముందు చేరారు. తెరమీద ఒక ముసలి బాక్సర్ పట్టీ కోసం వేళ్లు విడదీసి చేతులు చాపాడు. గదంతా ఈలలు. గంట మోగకముందే లేచి టీవీ కట్టేశాను. అందరూ నన్ను తిట్టారు. తిట్టనీ.