కిరాయి లేని గుట్ట

బేరంలో నాకు సాటి లేరని చెప్పడానికి ఒక్క సాక్ష్యం చాలు. పెళ్లైన రెండో ఏడు, సిద్దిపేట శివారులో గుట్ట మీది చదును జాగను పైసా కిరాయి లేకుండా కూరగాయల సాగుకు సంపాదించాను. ఆసామి నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఆ నవ్వుకు ధర కట్టడమే మరిచాను. నిన్న మనవరాలు విత్తనాల పొట్లం కొనుక్కొచ్చి, దాని మీది టమాటా బొమ్మ చూసి మురిసిపోతుంటే అదంతా గుర్తొచ్చింది.

మా పుట్టింటిది కిరాణా దుకాణం. కదలని సరుకు చచ్చిన సరుకని మా బాపు అన్నం ముద్దతో పాటే మింగించాడు. అత్తగారింట్లో చూస్తే, ఎండిన సొరకాయ బుర్రల్లో బూడిద కలిపిన విత్తనాలు దూలానికి వేలాడుతున్నాయి. బీర, సొర, కాకర, గోరుచిక్కుడు, చారల దోస, ఎర్రగింజ చిక్కుడు, తెల్ల వంకాయ. అన్నీ అత్తమ్మ తన తల్లి దగ్గర తెచ్చుకున్నవి. ఏటా సగమే విత్తేది. మిగతా సగం బుర్రలోనే. నా కంటికి అది పట్టపగలు సగం మూసిన దుకాణం. ఇంత జాగ దొరికింది, అన్నీ విత్తితే రెండింతలు పండుతుందని మూడు రోజులు ఆమె వెంటపడ్డాను.

"గది అమ్మెడి సరుకు కాదు బిడ్డా. పండకుంటె మల్ల యాడికెళ్లి తెస్తవ్?" అన్నది. నాలుగో రోజు విసిగి, బుర్రలు దించి నా ముందు పెట్టింది. గెలిచాననుకున్నాను.

శివరాత్రి పోగానే విత్తాం. మొలకలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత కింది బావి నుంచి పొద్దున పన్నెండు బిందెలు, సాయంత్రం పన్నెండు. పైకెక్కేసరికి సగం నీళ్లు నా చీరే తాగేది. జానెడు మట్టి కింద అంతా రాయి, పైన అడ్డులేని గాలి. ఉగాది నాటికి బావిలో బురద తేలింది. తీగలు పందిరి అందుకోకముందే వాలిపోయాయి. ఒక్క కాయా ముదరలేదు. అత్తమ్మ ఖాళీ బుర్రలు కడిగి ఎండబెట్టింది. తిట్టినా బాగుండేది, తిట్టుకైతే నా దగ్గర జవాబు ఉండేది.

ఇన్నేళ్లుగా ఆమె విత్తనాలు పంచిన ఇళ్లన్నీ అడిగి తెలుసుకుని, కొంగున డబ్బులు కట్టుకుని గడప గడపా ఎక్కాను. అద్దకం పని చేసే సాయిబుల ఇంటి అవ్వ కాకర గింజలు చేతిలో పోస్తుంటే, అలవాటు కొద్దీ ఎంతకిస్తావని అడిగాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మీ అత్త నాకు అమ్మిందా పిల్లా, నేను నీకు అమ్మెతందుకు?"

గింజలు కొంగున కట్టుకుని, డబ్బుల ముడి అట్లాగే ఉంచుకుని వచ్చేశాను.

దాచకుండా లెక్క చెప్పాలంటే, ఏడు రకాల్లో నాలుగు తిరిగొచ్చాయి. చారల దోస, ఎర్రగింజ చిక్కుడు, తెల్ల వంకాయ ఏ ఇంట్లోనూ మిగల్లేదు. అత్తమ్మ తల్లికి వాటిని ఎవరిచ్చారో, అంతకు ముందు ఎన్ని చేతులు దాటి వచ్చాయో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. వాటిని ముగించడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది.