లేయా నోరు ఊరుకోదు

లేయాకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. నాన్న ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. అధికారులు ఆమెను పిల్లల హోములో చేర్చి, కొన్నాళ్ళకు ముసునూరులో ఒకరింటికి పెంపకానికి ఇచ్చారు. ఆ ఇంటావిడ వరసగా మూడు తుమ్ములు తుమ్మి, చివర "యేసయ్యా" అనేది. నెల తిరక్కుండా లేయా ఆ తుమ్ము పట్టేసింది. లేయా వాకిట్లో తుమ్మితే, భార్యే తుమ్మిందనుకుని ఇంటాయన కషాయం గ్లాసుతో వంటింట్లోకి పరిగెత్తేవాడు. నవ్వులే నవ్వులు. ఆవిడకు నెల తప్పేసరికి లేయాను హోముకి పంపేశారు.

రెండోసారి బాపులపాడు. ఆ ఇంటి పెద్ద తిరుపతిరావు ఫోనులో అబద్ధం చెప్పేటప్పుడల్లా చెవి గోక్కునేవాడు. ఒకనాడు బంధువుల ముందు లేయా అరటిపండు చెవికి ఆనించి, రెండో చెవి గోక్కుంటూ, "విజయవాడలో ఉన్నానండీ, రేపు తప్పకుండా కలుస్తాను" అంది. బంధువులు పడీ పడీ నవ్వారు. తిరుపతిరావు నవ్వలేదు. వారంలో ఆమె మళ్ళీ హోము గుమ్మంలో ఉంది.

"నేనేం తప్పు చేశాను మేడం?" అని వార్డెన్‌ని అడిగింది.

"బాగా చేశావమ్మా, అదే తప్పు" అందావిడ.

అందుకే తొమ్మిదో ఏట నూజివీడులో కృష్ణవేణి ఇంటికి వచ్చాక లేయా నోరు కుట్టేసుకుంది. కృష్ణవేణికి భర్త లేడు, పిల్లలు లేరు. మామిడి షెడ్డులో కాయలు ఏరే ఆడవాళ్ళకు ఆమె మేస్త్రీ. ఒక కాలు ఈడ్చి నడుస్తుంది. గొంతు విప్పితే లారీ హారనే.

మూడు నెలలు ఎలాగో గడిచాయి. వేసవి సెలవుల్లో ఒకరోజు లేయా కూడా షెడ్డుకి వెళ్ళింది. కృష్ణవేణి లారీ దగ్గరికి వెళ్ళగానే నోరు కట్టుకోవడం లేయా వల్ల కాలేదు. తలకు తువ్వాలు చుట్టి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి, "రసాల్లో బంగినపల్లి కలిపిందెవరే? కళ్ళు చెట్టుకి తగిలించి వచ్చారా?" అని అరిచింది. షెడ్డంతా గొల్లుమంది. అంతలోనే నిశ్శబ్దం. వెనక కృష్ణవేణి.

లేయా ఇంటికి పరిగెత్తి బట్టలు సంచీలో కుక్కుకోసాగింది.

"ఎక్కడికే?" అంది వెనకే వచ్చిన కృష్ణవేణి.

"హోముకండీ."

"ఎవరు పొమ్మన్నారు?"

"మీరెలాగూ పంపేస్తారు కదండీ."

కృష్ణవేణి గడప మీద కూలబడింది. "నేను ఈడ్చేది ఎడమకాలు. నువ్వు కుడికాలు ఈడ్చావు. ఏదీ, మళ్ళీ నడువు" అంది.

లేయా వెక్కుతూ నడిచింది.

"నేనెప్పుడన్నా ఏడుస్తూ నడిచానటే? సరిగ్గా చెయ్యి!"

మూడోసారికి అచ్చం కృష్ణవేణే నడిచింది. అసలు కృష్ణవేణి నవ్వలేక పొట్ట పట్టుకుంది. బట్టలు తిరిగి దండెం మీదికి ఎక్కాయి.

డిగ్రీ అయ్యాక లేయా నటించడానికి హైదరాబాదు వెళ్ళింది. ఎనిమిదేళ్ళపాటు సీరియళ్ళలో నర్సు, పక్కింటావిడ, పెళ్ళిలో అక్షింతలు వేసే చుట్టం. ఒకసారి శవం వేషం వేస్తే ముక్కు మీద దోమ వాలింది. శవం దోమను కొట్టడంతో ఆ వేషమూ పోయింది. ఇరవై తొమ్మిదో ఏట, అత్త పాత్ర వేయాల్సినావిడ రాకపోతే, తెల్లజుట్టు పెట్టి లేయాను నిలబెట్టారు. ఆ గయ్యాళి అత్త పేరు ఊరూరా పాకింది.

పోయిన ఏడాది కృష్ణవేణి షూటింగు చూడ్డానికి వెళ్ళింది. ఆరోజు అత్త కోడల్ని ఇంట్లోంచి గెంటేసే సీను. కోడలి వేషం హాసిని అనే అమ్మాయిది. లేయాకు "పో బయటికి" అన్న ఒక్క మాట పెగల్లేదు. ఎనిమిది టేకులయ్యాయి.

కృష్ణవేణి కుర్చీలోంచి లేచింది. "అబద్ధమేగా, గట్టిగా అరువు. నిజంగా పోతుందా ఏంటి ఆ పిల్ల?"

లేయా అరిచింది. హాసిని బెదిరి నిజంగానే ఏడ్చేసింది. వెంటనే అత్తగారు పరిగెత్తుకెళ్ళి కోడల్ని కావలించుకుని, "నువ్వెక్కడికీ పోవద్దులే అమ్మా" అంది. డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"ఇంకోసారి తియ్యండి బాబూ," అంది కృష్ణవేణి. "ఈసారి మా అమ్మాయిని వెనకనుంచి నేను పట్టుకుంటాను."