రామాంజనేయులు అనే ‘సరే’

నేను హిందూపురంలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. రిటైరయ్యే ముందు ఏడాది వారానికో రోజు ధర్మవరంలో డ్యూటీ వేశారు. ఆ వానాకాలంలో రామాంజనేయులు అనే నేతగాణ్ణి భార్య నాగరత్నమ్మ, కొడుకు శీనా నా గదికి తీసుకొచ్చారు. పక్షవాతం వచ్చి ఆర్నెల్లయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటల్లో ‘సరే’ ఒక్కటే మిగిలింది. దీన్ని మేం అఫేజియా అంటాం. మెదడులో మాటలు కూర్చే చోటు దెబ్బతింటే కొందరికి ఇలా ఒక్క మాటే మిగిలి, మనసులో ఏమున్నా నోటికి అదే వస్తుంది.

వాళ్లకు వైద్యం కన్నా ముందు తగవు తీరాలి. ఇంట్లో గుంత మగ్గం ఉంది. కొనేవాడు మర్నాడు వస్తున్నాడు.

“నాయన సరే అనె మేడమ్. మగ్గం తీసేస్తే ఆడ మంచం పడతాది,” అన్నాడు శీనా.

“ఆయప్ప సరే అన్న్యాడంటే వద్దని మేడమ్. ఇన్నేండ్లు కాపరం చేసిండేదాన్ని, నాకు తెల్దా? మగ్గం పోతే ఆయప్ప పానం నిలబడదు,” అంది నాగరత్నమ్మ.

ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లంటున్నారు. ఆయన మాత్రం ఇద్దరి నోళ్లూ చూస్తూ కూర్చున్నాడు. మనిషి ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడడం నాకు మొదట్నుంచీ గిట్టదు.

ఇలాంటప్పుడు రోగి అనే అవును, కాదులను నమ్మవచ్చా అని ముందు చూస్తాం. అందుకు జవాబు అందరికీ తెలిసిన ప్రశ్న వేస్తాం.

“ఏమన్నా, నువ్వు ఆడమనిషివా?” అన్నాను.

“సరే” అన్నాడు. అని, తానే పకపకా నవ్వాడు. ప్రశ్న అర్థమైంది, జవాబూ తెలుసు, నోరే మాట వినడం లేదు. ఆ నవ్వుతో ఆయన మీద నాకు ఎక్కడలేని ఆపేక్ష పుట్టింది.

తర్వాత బొమ్మల కార్డులు బయటికి తీశాను. తెలిసిన వస్తువుల బొమ్మలు పెట్టి, అడిగినదాన్ని తప్పు లేకుండా చూపిస్తున్నాడని రూఢి చేసుకున్నాను. అప్పుడు శీనా ఫోనులో మగ్గం ఉన్న వాళ్ల గదిని, నా ఫోనులో మంచం వేసిన ఇంకో గదిని పక్కపక్కన పెట్టి, ఇల్లు ఎట్లా ఉండాలని అడిగాను. ఎడమచేత్తో మంచం ఉన్న గది చూపించాడు. ఫోన్లు అటూ ఇటూ మార్చి, కాసేపాగి మళ్లీ అడిగినా అదే చూపించాడు.

నాగరత్నమ్మ మొహం వాడిపోయింది. మగ్గమే కావాలంటాడని నేనూ అనుకున్నాను. ఆయన మెల్లగా వంగి, ఆ ఎడమచెయ్యి ఆమె మోకాలి మీద పెట్టి, “సరే” అన్నాడు.

ఆయన పడిపోయినప్పటినుంచీ మగ్గం గుంతలోకి దిగి కాళ్లతో చెక్కలు తొక్కుతూ నేస్తున్నది ఆమేనని అడిగితే తెలిసింది. మోకాళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆయన కోసమే మగ్గం ఆగకూడదనుకుంది. ఆయన పక్కనే చాప మీద పడుకుని రోజూ అది చూస్తున్నాడు.

“నొప్పని ఒక్కనాడూ ఆయప్ప ముందర అనలేదు మేడమ్,” అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాట పోయినా ఆలోచన మిగిలే ఉంటుందని మా చదువులో చెప్పారు. మాట లేనివాడి ఆలోచనలో పక్కవాళ్లు తమ మాటలు పోసేస్తారని, ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లు ఎక్కువగా పోస్తారని ఆ గదిలో తెలిసింది. ఆ తర్వాత రోగికి ఏం కావాలో రోగిని అడగకముందు ఇంట్లోవాళ్లను అడగడం మానేశాను.