బల్ల దాటని గొంతు

కల్లూరులో ఉండే స్నేహితురాలితో సరదాగా కబుర్లు చెప్పుకోవడానికి, లైసెన్సు అక్కరలేని వాకీటాకీల గురించి చాలా రోజులు చదివాను. ఈ రోజు నాన్నతో కర్నూలులో ఒక దుకాణానికి వెళ్లి, రెండు రకాలు చూపించి, వీటిలో లైసెన్సు లేకుండా వాడదగినది ఏదని అడిగాను.

బల్ల వెనకున్న దుకాణదారు నాన్న వైపు తిరిగాడు. "పాపకు ఫోనుండాది కదప్పా, ఇవెందుకు?"

మళ్లీ అడిగాను. "ఇది శానా దూరం పోతాదప్పా," అంటూ ఒకటి నాన్న చేతిలో పెట్టాడు. దాని మీద రాసిన ఫ్రీక్వెన్సీ చూస్తే అది లైసెన్సు కావలసిన రకం.

నాన్న, "నాకేం తెల్దప్పా. అడిగేది మా పాప, పాపకే చెప్పు," అన్నారు.

"చెప్తాండా కదప్పా," అన్నాడాయన, నాన్నతోనే.

ఏమీ కొనకుండా వచ్చేశాం. కల్లూరు దాకా వినిపించాలనుకున్న నా గొంతు ఆ బల్ల అవతలికే చేరలేదు. అడిగినవాళ్లకే జవాబు చెప్పే దుకాణం కర్నూలులో ఉంటే చెప్పండి.