అద్దం మీద అరిగిన మొనలు

ఆవిణ్ణి వీధిలో అందరూ బోర్డులక్క అనేవాళ్ళు. మందుల షాపు తలుపు మీద ‘నెట్టండి’ అన్నా, ఆసుపత్రి మెట్ల దగ్గర ‘నిశ్శబ్దం’ అన్నా ఆవిడ చేత్తో కోసిన అక్షరాలే. రంగు స్టిక్కరు షీటు పరిచి, పెన్సిల్‌తో గీసుకుని, పెన్నులా పట్టుకునే సన్నటి కట్టరుతో కోసి తీసేది. మిషన్లు వచ్చాక పెద్ద పనులన్నీ వాటికి పోయాయి గానీ, పాత ఖాతాదారులు మాత్రం అక్కనే వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మిషను కోసిన అక్షరం బొమ్మకి తొడిగిన చొక్కాలా ఉంటుంది, అక్క కోసిన అక్షరం మనిషి తొడుక్కున్నట్టుంటుంది అని ఎవరో అన్నారు. ఆ మాట ఆవిడ తలకి కాస్త ఎక్కిందనే చెప్పాలి.

కట్టరులోకి బ్లేడ్లు మరిది దుకాణం నుంచి వచ్చేవి. భర్త తమ్ముడు. ఆవిడ కోడలుగా వచ్చేనాటికి బడికెళ్ళే పిల్లాడు. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందీ, లెక్కల్లో తప్పితే అన్నగారి దెబ్బలకి అడ్డం వెళ్ళిందీ ఆవిడే. పెద్దవాడయ్యాక వీధి మొగలో మేకులు, తాళాలు, జిగురు డబ్బాలు, కాగితాలు అన్నీ అమ్మే దుకాణం పెట్టుకున్నాడు. కొత్త సరుకేదొచ్చినా ముందు వదినకి చూపించాల్సిందే.

ఒకసారి ఒక బట్టల షాపు ఎత్తేస్తూ, బల్ల మీద పరిచే మందపాటి అద్దం ఆవిడకి ఇచ్చేశారు. బల్ల మీద అప్పటిదాకా ఉన్నది పాత రబ్బరు షీటు, గాట్లు పడి ముసలి మొహంలా అయిపోయింది. దాన్ని చుట్టి బీరువా వెనక్కి తోసి అద్దం వేసుకుంది. గది వెలిగిపోయింది. తుడిస్తే చాలు, కొత్తదే.

ఆ తర్వాతే బ్లేడ్లు మొండికేయడం మొదలుపెట్టాయి. తిన్నటి గీత తెగేది గానీ, సున్నా చుట్టేసరికి మొన పట్టేసి షీటు ముడతపడేది. కోసిందే కోస్తే అంచు పీచులేచేది. కళ్ళ డాక్టరు గారి తలుపు అద్దానికి కోసిన అక్షరాలు మొత్తం పాడయ్యాయి. అసలే కళ్ళ ఆసుపత్రి, వచ్చినవాడల్లా ఆ అక్షరాలే చూస్తాడు. ఆ చిరాకులో బ్లేడ్ల ప్యాకెట్టు పట్టుకుని తిన్నగా దుకాణానికి వెళ్ళింది.

దుకాణం నిండా జనం.

“ఏవిట్రా ఇవి? బ్లేడ్లా, డబ్బా రేకులా?” అంది గుమ్మంలోనే.

“అదేంటి వదినా, ఎప్పుడూ ఇచ్చే రకమే.”

“ఎప్పుడూ ఇచ్చే రకమైతే ఎప్పుడూ తెగినట్టే తెగాలిగా! వదినే కదా, ఏం అడుగుతుందిలే అని నాసిరకం అంటగడుతున్నావా? సొంతవాళ్ళకే టోపీ పెడితే ఇక పైవాళ్ళ గతేంటి?”

ఎవరో కిసుక్కుమన్నారు. రంపం బ్లేడు కొందామని చేతిలోకి తీసుకున్న వడ్రంగి దాన్ని మెల్లగా ఉన్నచోటే పెట్టేశాడు. మరిది మొహం కందగడ్డలా అయింది. “మార్చి ఇస్తాను వదినా” అన్నాడంతే.

అప్పట్నుంచి అతని వెతుకులాట మొదలైంది. మొన అరిగినప్పుడల్లా విరుచుకుంటూ వాడేవి తెచ్చాడు. ఆపరేషన్లకి వాడే రకం తెచ్చాడు. నల్లటివి తెచ్చాడు, అవి మంచి పదునే గానీ మొన పుటుక్కున విరిగేది. ఫోటోలకి చట్రాలు కట్టేవాణ్ణి అడిగాడు, బ్యాగులు కుట్టే ఆవిణ్ణి అడిగాడు. దుకాణం మూసి టోకు బజారుకీ తిరిగాడు. తెచ్చిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి, “ఇది చూడు వదినా” అనేవాడు. ఏది తెచ్చినా సాయంత్రానికి మొద్దుబారేది. ఆవిడ పెదవి విరిచేది.

బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసే ఆవిడ భర్త ఒకనాడు అన్నం తింటూ, “ఆడలేక మద్దెల ఓడు అన్నారట” అని నవ్వాడు. ఆ పూట ఆయనకి మజ్జిగ ఆయనే పోసుకోవాల్సి వచ్చింది.

ఒక ఆదివారం ఆయన ఇంటి గేటుకి రంగేసి, దాని తలుపు రెక్క ఒకటి ఆరడానికని తెచ్చి ఆ అద్దం మీద పడుకోబెట్టాడు. ఆవిడకేమో రక్తపరీక్షల వాళ్ళ బోర్డు మర్నాటికల్లా ఇవ్వాలి. సణుక్కుంటూ బీరువా వెనక నుంచి రబ్బరు షీటు లాగి, నేల మీద పరుచుకుని కూర్చుంది. చేతికందిన బ్లేడు, మొదట్లో తిట్టిన రకంలో ఇంట్లో మిగిలినవాటిలో ఒకటి.

అది వెన్నలో వేలు దిగినట్టు దిగింది. సున్నా ఒక్క ఊపులో తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసింది. వొత్తులు, తలకట్లు, పని మొత్తం అయిపోయినా బ్లేడు ఇంకా సై అంటూనే ఉంది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. లేచి వెళ్ళి, తలుపు రెక్క కాస్త జరిపి, అదే బ్లేడుతో అద్దం మీద ఒక ముక్క కోసి చూసింది. నాలుగు వంపులు తిరిగేసరికి మొన పోయింది.

స్టిక్కరు షీటు దాటి దిగిన మొన ఇన్నాళ్ళూ అద్దాన్ని గీరుతోంది. ఎంత మంచి ఉక్కయినా ఏం నిలుస్తుంది? తప్పు బ్లేడుది కాదు, మరిదిది అసలే కాదు. వడ్రంగి రంపం బ్లేడు వెనక్కి పెట్టేసిన తీరు కళ్ళముందు మెదిలి, ఒంటరిగా ఉన్న గదిలోనే ఆవిడకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెప్పేద్దామనే అనుకుంది. కానీ మర్నాడు పొద్దున్నే అతనే వచ్చాడు, చేతిలో విదేశీ రకం ప్యాకెట్టుతో. “చట్రాలవాడు ఒట్టేసి చెప్పాడు వదినా. ఇదీ కాకపోతే ఇక నావల్ల కాదు.” కళ్ళకింద నల్లబడింది. ఆ మొహం చూశాక ఆవిడకి నిజం చెప్పబుద్ధి కాలేదు. ఒక బ్లేడు వాడి చూసినట్టు నటించి, “ఇవి బాగున్నాయిరా. వీటికోసమే ఇన్నాళ్ళూ” అంది.

“హమ్మయ్య, గట్టెక్కించావు!” అని అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ నవ్వు చూసి మంచిపనే చేశాననుకుంది. సాయంత్రం అతను మళ్ళీ వచ్చాడు. ఆ సరుకు ఎక్కువగా తెప్పిస్తున్నాడట, అర మీద అంటించడానికి ఒక చిన్న బోర్డు కావాలట. ‘బోర్డులక్క వాడే బ్లేడ్లు ఇవే’ అని. కాదనడానికి కారణం దొరకలేదు. రబ్బరు షీటు మీద, ఆ పాత రకం బ్లేడుతోనే ఆ అక్షరాలు కోసింది. అక్షరాలు చక్కగానే వచ్చాయి, అదే ఆవిణ్ణి ఇంకా బాధపెట్టింది.

కొన్నాళ్ళకి ఆవిడ జిగురు టేపు కోసం దుకాణానికి వెళ్ళేసరికి బ్యాగులు కుట్టే ఆవిడ గట్టిగా మాట్లాడుతోంది. “వీటిలో ఏముందయ్యా గొప్ప? పాతవాటికీ వీటికీ తేడా నాకైతే కనబడలేదు. బోర్డు పెట్టి మరీ మోసమా?”

“మా వదిన ఊరికే చెప్పదమ్మా” అన్నాడు మరిది. “పనిలో ఆవిడ మాటంటే మాటే.”

అప్పుడు చూశాడు గుమ్మంలో వదినని. “ఇదిగో, ఆవిడే వచ్చింది. చెప్పు వదినా.”

అందరూ ఇటు తిరిగారు.

“ఆవిడ అన్నది నిజం” అంది బోర్డులక్క. “పాత బ్లేడ్లలో ఏ లోపమూ లేదు. నేనే అద్దం మీద పెట్టి కోసి మొనలు అరగదీసుకున్నాను. అది తెలీక నలుగురిలో నిన్ను అనరాని మాటన్నాను.”

మరిది ముందు నవ్వేశాడు. “ఓస్, అంతేనా? పోనీలే. ఇంతకీ ఎప్పుడు తెలిసింది?”

నిన్ననే అని ఉంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“నువ్వు ఈ ప్యాకెట్టు తెచ్చే ముందురోజు.”

నవ్వు మెల్లగా ఇంకిపోయింది. “మరి ఆ బోర్డు?”

“తెలిసే కోశాను.”

అతను స్టూలెక్కి అర మీది అక్షరాలు ఒక్కొక్కటీ గోటితో లేపి తీశాడు. దిగాక చేతులు దులుపుకుని, “కూర్చోండి వదినా, టీ చెప్తాను” అన్నాడు.

కూర్చోండి. జ్వరంలో మూలిగిన పిల్లాడు ఏనాడూ ఆవిణ్ణి మీరు అనలేదు. ఆవిడ కూర్చోలేదు, టేపు కూడా తీసుకోకుండానే వచ్చేసింది.

తర్వాత ఆ ప్యాకెట్లు కొన్నవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి, కింద మెత్తటిది వేసుకుని కోస్తే ఏ రకమైనా ఒకటేనని, తప్పు తనదని చెప్పుకుంది. చట్రాలవాడు పగలబడి నవ్వాడు. బ్యాగులావిడ మంచినీళ్ళిచ్చింది. “చెప్పేశావుగా, ఇంకా ఏంటి ఆ మొహం?” అన్నాడు భర్త. “అబద్ధం మీద అబద్ధం కోసి ఇచ్చాక చెప్పాను” అంది ఆవిడ.

మరిది కక్ష పెట్టుకునే మనిషి కాదు. రాకపోకలు ఆగలేదు. మాటల్లో నువ్వు కొన్నాళ్ళు, మీరు కొన్నాళ్ళు దొర్లుతూ ఉంటాయి. ఆవిడ మాత్రం, దుకాణంలో ఒక్క మనిషి ఉన్నా లోపలికి వెళ్ళదు. అవతల కరెంటు స్తంభం దగ్గర, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడుతుంది. అతనికి తెలుసు. బేరం ముగించి, తనే బయటికొచ్చి, ఏం కావాలో అడిగి తెచ్చి చేతిలో పెడతాడు.