ఠండా పైపుకు పెట్టిన స్విచ్

కారు మిస్త్రీ చేసిన తప్పుకు డ్రైవర్‌ని పనిలోంచి వెళ్లగొట్టారు. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం చల్లారలేదు.

డెబ్బైల్లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, బోధన్ వెళ్లే బస్సులో ఆ డ్రైవర్ నా పక్కన కూర్చున్నాడు. బొబ్బలెక్కిన అరచేతిని కిటికీలోంచి గాలికి పెట్టాడు. చెరుకు బండ్ల వెనక బస్సు ఆగి గాలి ఆడనప్పుడల్లా పళ్లు బిగబట్టేవాడు. చేతికేమైందని అడిగాను.

"సేటు కారు ఉడికింది తమ్మీ. రేడియేటర్ మూత తీస్తే నీళ్లు మీదికి ఎగజిమ్మినయి. ఇంజన్ పోయింది, నౌకరీ పోయింది. ఈ చెయ్యి జూసి ఇగ ఎవడు పెట్టుకుంటడు?"

"ఫ్యాన్ తిరగలేదా అన్నా?"

"కొత్తగ కరెంటు ఫ్యాన్ పెట్టించిండు. నీళ్లు కాగంగనే స్విచ్ దాన్ని తిప్పాలె. తిప్పలే."

"స్విచ్ ఎక్కడ పెట్టిండ్రు?"

"కింది పైపుకు. ఫ్యాన్ ఠండా చేసేదే గదా, ఠండా పైపుకే పెట్టాలె అన్నడు మిస్త్రీ."

నేను బడిలో చదివింది తక్కువ, ఇంజన్లు విప్పి నేర్చుకున్నదే ఎక్కువ. కింది పైపులో పోయేవి రేడియేటర్‌లో చల్లారిన నీళ్లు. ఇంజన్ వేడి తెలియాలంటే స్విచ్ పైన, కాగిన నీళ్లు బయటికొచ్చే చోట ఉండాలి. ఆ మాటే ఆయనకు చెప్పాను.

"గది సేటుకు జెప్పేటోడెవడు?" అని చేతిని మళ్లీ గాలికి పెట్టాడు.

నేనే చెప్పాను. ఆయన్ని అడిగి అడ్రసు తీసుకుని, స్విచ్ పైన ఉండాల్సిందని, డ్రైవర్ తప్పేమీ లేదని, మళ్లీ పనిలో పెట్టుకోమని సేటుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి జవాబొచ్చింది:

"మీరు చెప్పినట్టే స్విచ్ పైకి మార్పించినాము. ఫ్యాన్ మంచిగా తిరుగుతున్నది. కొత్త డ్రైవరు కూడా మంచివాడే."